ఇరుసు కందెన నుండి గేరునూనె వరకు

నెల్లూరు సీమలో ఒకప్పుడు బండి కందెనను అంగడిలో కొనే అలవాటు లేదు. వరిగడ్డిని కాల్చి మసిచేసి, ఆ మసిని ఆముదంలో కలిపి మెదిపితే నల్లని జిగటముద్ద తయారయ్యేది. చక్రపు శీలను ఊడదీసి, చక్రాన్ని కొంచెం వెలుపలికి లాగి, ఇరుసుకు ఈ ముద్దను పూసి మళ్ళీ చక్రాన్ని లోపలికి తోసేవారు. కందెన లేని బండి పొలిమేరలో ఉండగానే దాని కీచుమనే చప్పుడు ఊరిలో వినబడేది. సుమతీశతక కర్త గ్రామకరణం అవసరాన్ని చెప్పడానికి ఇరుసు కందెననే దృష్టాంతంగా తీసుకొన్నాడంటే, అది ఎంతటి నిత్యవ్యవహార వస్తువో తెలుస్తుంది. పెన్నానది సముద్రంలో కలిసేచోట కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు ప్రాంతాల మాగాణి నుండి ధాన్యాన్ని మోసిన బండ్లన్నీ ఈ ఆముదం మీదనే నడిచాయి.

ఈ ఇంటి కందెనను నాటుసరుకని తేలికగా చూడరాదు. ఆముదంలోని కొవ్వు ఆమ్లాలలో సుమారు నూటికి 90 వంతులు రిసినోలిక్ ఆమ్లం. ఈ అణువు గొలుసు నడుమ ఒక హైడ్రాక్సిల్ సమూహం కలదు. దానివల్ల అణువులు ఒకదానినొకటి పట్టుకొంటాయి. లోహపు ఉపరితలాన్ని కూడ పట్టుకొంటాయి. నువ్వులనూనె, వేరుసెనగనూనె కంటె ఆముదం అంత చిక్కగా, జిగటగా ఉండడానికి కారణమిదే. ఇక గడ్డిమసి చేసేపని నూనె కారిపోకుండ దానిని ముద్దగా నిలపడం. నేటి గ్రీజులో సబ్బు చేసే పని కూడ అదే. ప్రాచీన ఈజిప్టులో క్రీ. పూ. 1400 ప్రాంతపు సమాధిలో దొరికిన రథపు ఇరుసు మీద కొవ్వు, సున్నం కలిసిన పదార్థపు జాడలు కనబడ్డాయి. సున్నం, కొవ్వు కలిస్తే సబ్బే ఏర్పడుతుంది. నైలునది ఒడ్డునా, పెన్న ఒడ్డునా మానవుడు వేరువేరు దారులలో ఒకే ఉపాయానికి చేరుకొన్నాడన్నమాట.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి వేసుకోవలసి ఉన్నది. ఐదడుగుల ఎత్తు చక్రంగల బండి గంటకు మూడున్నర కిలోమీటర్ల వంతున నడిస్తే, చక్రం నిమిషానికి సుమారు 12 సార్లు తిరుగుతుంది. ఇరుసు మందం రెండంగుళాల లోపు. కాబట్టి ఇరుసుకూ, దానిమీద తిరిగే భాగానికీ మధ్య రాపిడి వేగం సెకనుకు మూడు సెంటీమీటర్లు మాత్రమే. ఇంత మందగమనంలో, ఇంత బరువు కింద, పలుచని నూనె నిలవదు. ఎంత చిక్కనిదైతే అంత మేలు. రైతు అనుభవంతో తేల్చుకొన్న ఈ నియమం ఆ బండికి పూర్తిగా సరియైనదే. ఐతే తరువాతి కాలంలో ఆ నియమమే ట్రాక్టరు గేరుపెట్టెలోనికి కూడ ప్రవేశించింది. చిక్కు అక్కడ వచ్చింది.

భూమిలోని నూనె నుండి తీసిన కందెనలు ప్రపంచంలో 19వ శతాబ్దపు చివరి భాగంలో వ్యాపించాయి. అమెరికాలో డ్రేక్ నూనెబావి త్రవ్వినది 1859లో. యంత్రాలకు కందెనలమ్మే వాక్యూం ఆయిల్ కంపెనీ రాచెస్టర్ నగరంలో ఆరంభమైనది 1866లో. అప్పటికి భారతదేశపు రైళ్ళలో దీపాలకూ, యంత్రభాగాలకూ ఆముదమే విరివిగా వాడుకలో ఉండేది. ఇంగ్లండులో ఛార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో స్థాపించిన సంస్థ 1909లో తన నూనెకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుండి వచ్చినదే ఈ మాట. ఆ నూనెలో ఆముదం పాలు ఉండేది. మొదటి ప్రపంచయుద్ధపు విమానాలలో చాలావాటి ఇంజన్లు ఆముదం మీదనే తిరిగాయి. పెట్రోలులో ఆముదం కరగదు. కనుక పెట్రోలు ఆవిరి తగిలినా కందెన పలుచబడదు.

ఇంతటి ఆముదం గేరుపెట్టెలకు ఎందుకు పనికిరాలేదు? వేడిమిలో చాలాకాలం ఉంటే అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా బంకగా మారుతుంది. బండి ఇరుసుకు కొద్దిరోజులకొకసారి క్రొత్త కందెన పడుతుంది కనుక దానికి బాధ లేదు. మూసిన పెట్టెలో నెలల తరబడి ఉండవలసిన నూనెకు ఇది పెద్ద దోషం. పైగా సాధారణ ఉష్ణోగ్రతలో ఆముదం ఖనిజతైలంలో సరిగా కలవదు. వేరుపడి అడుగుకు చేరుతుంది. గేరునూనె తక్కువైనప్పుడు ఇంటిలోని ఆముదం పోసి సరిపెట్టవచ్చునా అని అడిగేవారికి ఇదే సమాధానం.

నెల్లూరు తీరానికి క్రొత్త నూనెలు మద్రాసు నుండి వచ్చాయి. 1877–78 కరవు పనులతో రూపుదిద్దుకొన్న బకింగ్‌హాం కాలువ ఈ తీరం పొడవునా మద్రాసు వరకు పడవల బాటగా ఉండేది. తరువాత రైలు వచ్చింది. 1928లో ఏర్పడిన బర్మాషెల్ సంస్థ డబ్బాలు పల్లెటూళ్ళలో కిరోసిను ద్వారా పరిచయమయ్యాయి; వాటి వెనుకనే గ్రీజు, ఇంజన్‌నూనె కూడ వచ్చాయి. మొదట వాటిని వాడినవి ధాన్యపు మిల్లులు, నీరు తోడే ఇంజన్లు. పొలం దున్నే యంత్రం ఇంకా రాలేదు. వచ్చేంత తొందరా లేదు. ఒంగోలు జాతి ఎద్దులు ఈ సీమ సొత్తు. ఒంగోలు ప్రాంతం 1904లో గుంటూరు జిల్లాలో చేరేవరకు నెల్లూరు జిల్లాలోనిదే. బ్రెజిల్ దేశంలో ఈ పశువుల సంతతిని నేటికీ నెలోర్ అనే పిలుస్తారు.

ఈలోగా ఇంగ్లండులో కందెన ఏ విధంగా పనిచేస్తుందో తెలిసివచ్చింది. ఆ కథ చెప్పుకోదగినది. 1883లో బొషాం టవర్ అనే ఇంజనీరు రైలుబండి ఇరుసు బేరింగులను పరీక్షిస్తున్నాడు. నూనె పోయడానికి బేరింగు పైభాగంలో ఒక రంధ్రం తొలిపించాడు. ఇరుసు తిరగగానే నూనె లోపలికి పోవడానికి బదులు ఆ రంధ్రంగుండా పైకి ఉబికి వచ్చింది. దానికి ఒక కట్టె బిరడా బిగించాడు. నూనె ఆ బిరడాను కూడ నెట్టివేసింది! పీడనమాపకం అమర్చి చూస్తే, లోపలి నూనె పొరలో బేరింగు మీది సగటు బరువును మించిన పీడనం కనబడింది. తిరిగే ఇరుసు తనతో నూనెను ఈడ్చుకొనిపోయి సన్నని సందులో ఇరికించడంవల్ల ఆ పీడనం పుడుతుందని, లోహం లోహాన్ని తాకకుండ ఆ నూనెపొరయే బరువును మోస్తున్నదని 1886లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ గణితంతో నిరూపించాడు. ఈ పొర నిలవడానికి మూడు విషయాలు కలసిరావలెను: నూనె స్నిగ్ధత, తిరిగే వేగం, మీదపడే బరువు. వేగం తక్కువైతే స్నిగ్ధత ఎక్కువ కావలెను. వేగం ఎక్కువైతే పలుచని నూనెయే చాలును. అవసరానికి మించి చిక్కనైతే ఆ నూనెను చిలకడానికే శక్తి ఖర్చై, అది వేడిగా మారుతుంది.

ట్రాక్టరు గేరుపెట్టెలో నాలుగంగుళాల వ్యాసంగల గేరుచక్రం నిమిషానికి 1,500 సార్లు తిరుగుతున్నదనుకొంటే, దాని అంచు వేగం సెకనుకు సుమారు ఎనిమిది మీటర్లు. పళ్ళ మధ్య జరిగే రాపిడి వేగం ఇందులో కొంతభాగమే ఐనప్పటికీ, బండి ఇరుసు వేగం సెకనుకు మూడు సెంటీమీటర్లని పైన చూచాము. ఆ రెండింటికీ ఒకే కందెన నియమం వర్తించదు.

భారతదేశంలో 1951 నాటికి సుమారు 8,500 ట్రాక్టర్లు మాత్రమే ఉండేవి. యుద్ధానంతరం సైన్యం వదలిన యంత్రాలతో ఆరంభమైన కేంద్ర ట్రాక్టరు సంస్థ ఉత్తర, మధ్య భారతాలలో కలుపు నిండిన భూములను దున్నించింది. నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలోనిది. ట్రాక్టర్ల విషయంలో కూడ దాని చూపు మద్రాసువైపే. అక్కడ 1960లో టాఫే సంస్థ ఏర్పడి మాసీ ఫెర్గూసన్ నమూనా ట్రాక్టర్ల తయారీకి పూనుకొన్నది. అంతకు ముందు సంవత్సరమే ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు వచ్చింది. 1963 ప్రాంతంలో జపాను నుండి చేతితో నడిపే రెండుచక్రాల పవర్‌టిల్లర్లు దేశంలోనికి వచ్చాయి. అమెరికాలో తోటలకూ, చిన్న కమతాలకూ వాడే తోటట్రాక్టరుకు మన వరిపొలంలోని చుట్టం ఈ టిల్లరే. హైదరాబాదులోని కృషి ఇంజన్స్ సంస్థ కూడ వాటి తయారీకి దిగింది. 1968లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ పరిశ్రమల అభివృద్ధి సంస్థ రైతులకు యంత్రాలను చేరవేసే పనిని చేపట్టింది.

యంత్రంతోపాటు పుస్తకం కూడ వచ్చేది. కాని అది ఇంగ్లీషులో ఉండేది. చాలావరకు చల్లని దేశంలో వ్రాసినది. రైతుకు అందినది మెకానిక్కు నోటిమాటయే. ఆ మాటలలో ‘నైంటీ ఆయిలు’, ‘ఒన్‌ఫార్టీ ఆయిలు’ అనేవి ముఖ్యమైనవి. అంకె పెద్దదైతే నూనె చిక్కనిది. చిక్కనిది మంచిదని తాతలనాటి కందెన ఇదివరకే నేర్పి ఉన్నది. కనుక పాతబడి చప్పుడుచేసే గేరుపెట్టెలో 90 బదులు 140 పోయడం, అది చాలకపోతే గ్రీజు కలపడం సహజంగా వచ్చిన చికిత్సలు. చప్పుడు తగ్గేది కూడ. ఐతే తగ్గినది చప్పుడే, అరుగుదల కాదు. గ్రీజు గేరుపళ్ళ నుండి తొలగిపోయి, పెట్టె గోడలకు అంటుకొని ఊరుకొంటుంది. పళ్ళు దాని నడుమ కాలువ చేసుకొని పొడిగా తిరుగుతాయి. బేరింగులకు పోవలసిన సన్నని దారులు మూసుకొనిపోతాయి.

ఈ అంకెల విషయంలో ఇంకొక భ్రమ ఉన్నది. అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘం ఇంజన్‌నూనెలకు ఒక కొలతనూ, గేరునూనెలకు వేరొక కొలతనూ పెట్టింది. రెండింటినీ ఒకే కొలతగా భావించి 50 అంకె ఇంజన్‌నూనె కంటె 90 అంకె గేరునూనె దాదాపు రెండింతలు చిక్కనిదని అనుకొనేవారు చాలామంది. అది నిజం కాదు. 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 50 అంకె ఇంజన్‌నూనె స్నిగ్ధత 16.3 నుండి 21.9 సెంటీస్టోకులు. 90 అంకె గేరునూనె స్నిగ్ధత 13.5 నుండి మొదలై, పూర్వపు లెక్కలో 24 వరకు ఉండేది. అనగా ఇంచుమించు రెండూ ఒకటే. గేరునూనెకు ఇంజన్‌నూనె అంకెలతో పోలిక రాకూడదనే పెద్ద అంకెలను ఎన్నుకొన్నారు. 2005లో ఈ 90 తరగతిని రెండుగా చీల్చి, పైభాగానికి 110 అని పేరు పెట్టారు. 140ని కూడ అదేవిధంగా 140, 190గా విడదీశారు. కాబట్టి పాత పుస్తకంలోని 90కి నేటి డబ్బా మీది 90 కొంచెం పలుచగా ఉండవచ్చును. వేసవిలో 40 డిగ్రీలు దాటే నెల్లూరు వంటిచోట, అరిగిన పాత యంత్రానికి ఈ తేడా కొంత లెక్కలోనిదే. అటువంటి దానికి 110 వాడడం పాత 90ని వాడడమే అవుతుంది, తప్పేమీ లేదు.

చిక్కని నూనె అపాయాన్ని అన్నిటికంటె స్పష్టంగా చూపినది ఫెర్గూసన్ ట్రాక్టరు. హారీ ఫెర్గూసన్ రూపకల్పన చేసిన టి.ఇ.20 ట్రాక్టరు 1946 నుండి 1956 వరకు ఇంగ్లండులోని కావెంట్రీలో తయారైంది. ఐదులక్షలకు పైగా యంత్రాలు ఆ కర్మాగారం నుండి వెలువడ్డాయి. నాగలిని ఎత్తి దించే హైడ్రాలిక్ పంపును అతడు విడిగా పెట్టలేదు. గేరుపెట్టెకు వెనుక, అదే నూనెలో మునిగి ఉండేటట్లు అమర్చాడు. ఒకే నూనె గేరుపళ్ళను కాపాడవలెను, వెనుక ఇరుసును కాపాడవలెను, పంపుద్వారా నాగలినీ ఎత్తవలెను. మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు ఈ ఏర్పాటునే వారసత్వంగా పొందాయి. ఇటువంటి యంత్రంలో చిక్కని 140 పోస్తే పంపు దానిని తగినంత వేగంగా పీల్చుకొనలేదు. పీల్చేవైపు పీడనం పడిపోయి నూనెలో బుడగలు పుడతాయి. అవి పగిలినప్పుడు లోహం గుంటలు పడుతుంది. ఉదయంపూట నాగలి ఆలస్యంగా లేచి, ఎండెక్కిన తరువాత చక్కగా లేస్తున్నదంటే, నూనె అవసరానికి మించి చిక్కగా ఉన్నదేమో మొదట చూడవలెను. పంపు చెడిపోయినదని విప్పి, క్రొత్తది వేసి, మళ్ళీ అదే నూనె పోస్తే రైతు డబ్బు రెండుసార్లు పోయినట్లే. ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణధ్రువం చేరినది ఈ ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదనే. గడ్డకట్టించే ఆ చలికీ, మే నెలలో నెల్లూరు ఎండకూ ఒకే గేరుపెట్టె తట్టుకొన్నది. ఐతే ఒకే అంకె నూనె రెండింటికీ చెల్లదు.

స్నిగ్ధత సరిపోయినంత మాత్రాన నూనె సరిపోయినట్లు కాదు. గేరునూనె చరిత్రలోని రెండవ ఘట్టం గంధకానిది. 1920ల మధ్యలో అమెరికాలో హైపాయిడ్ గేర్లు మోటారుకార్లలో ప్రవేశించాయి. వాటి పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాక, అధికమైన ఒత్తిడితో జారుతాయి కూడ. ఆ ఒత్తిడికి ఎంతటి చిక్కని నూనెపొరయైనా చిరిగిపోతుంది. అప్పుడు రసాయనశాస్త్రం తోడ్పడింది. నూనెలో గంధకం, క్లోరిన్, భాస్వరం, సీసపు సబ్బుల వంటివి కలిపి చూచారు. పళ్ళు రాచుకొని ఎక్కడ మండిపోతాయో సరిగ్గా అక్కడనే ఈ పదార్థాలు ఇనుముతో కలిసి ఒక మెత్తని పొరను ఏర్పరుస్తాయి. ఆ పొర అరుగుతుంది, ఇనుము మిగులుతుంది. నేటి అధికపీడన గేరునూనెలలో ముఖ్యంగా గంధకం, భాస్వరం కలిసిన సమ్మేళనాలు ఉంటాయి.

ఈ కథలో తిమింగిలం కూడ కలదు. స్పెర్మ్ తిమింగిలపు నూనెకు గంధకం పట్టించి గేరునూనెలలో, కార్ల స్వయంచాలక ప్రసారపెట్టెల నూనెలలో కలిపేవారు. 1970లో అమెరికా ఆ జీవిని అంతరించిపోయే జాతుల పట్టికలో చేర్చింది. దానితో ఆ నూనె దిగుమతి ఆగిపోయి, రసాయన పరిశ్రమ హడావిడిగా ప్రత్యామ్నాయాలను వెదకవలసివచ్చింది. ఆముదం మాత్రం ఈ పోటీలో మరొక రూపంతో తిరిగి వచ్చింది. ఆముదం నుండి తీసిన హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లాన్ని లిథియంతో కలిపి చేసే గ్రీజు 1940ల నుండి ప్రపంచమంతటా వ్యాపించింది. ఆముదాన్ని అన్నిటికంటె ఎక్కువగా పండించేది భారతదేశమే. ట్రాక్టరు ముందుచక్రపు బేరింగులో నేడు రైతు కూరే గ్రీజు చాలాచోట్ల ఈ జాతిదే. ఇరుసు నుండి ఆముదం పూర్తిగా పోలేదు.

గంధకం ఇనుముకు చేసిన మేలు కంచుకు చేయదు. రాగితో అది కలిసి నల్లని పెళుసు పొర ఏర్పడుతుంది. ఆ పొర రాలుతుంది. రాలినచోట క్రొత్త పొర పుడుతుంది. పాత ట్రాక్టర్లలో, పాత తోటట్రాక్టర్లలో కంచు బుష్‌లు, కొన్నింటిలో కంచు మరచక్రాలు, గేరు సులువుగా పడడానికి ఇత్తడి వలయాలు ఉంటాయి. అమెరికా పెట్రోలియం సంస్థ గేరునూనెలను జి.ఎల్.1 నుండి జి.ఎల్.6 వరకు తరగతులుగా విభజించింది. జి.ఎల్.1 ఏ మందూ కలపని శుద్ధ ఖనిజతైలం. జి.ఎల్.4లో మితంగా మందు కలుపుతారు. జి.ఎల్.5లో దానికి సుమారు రెండింతలు. ఇది హైపాయిడ్ గేర్లకు ఉద్దేశించినది. నేడు ఆ సంస్థ వాడుకలో ఉన్న తరగతులుగా పరిగణించేవి ముఖ్యంగా జి.ఎల్.4, జి.ఎల్.5 మాత్రమే. అంగడిలో 5 పెద్ద అంకె కనుక 4 కంటె మంచిదని అమ్మేవాడూ, కొనేవాడూ అనుకోవడం మామూలు. కందెన చిక్కదనం విషయంలో వచ్చిన పొరపాటే ఇక్కడ వేరొక వేషంలో వచ్చింది. ఫెర్గూసన్ వంటి పాత ట్రాక్టర్ల వెనుక ఇరుసులో ఉన్నది హైపాయిడ్ కాదు, వంపుపళ్ళ శంకుగేరు. దానికి జి.ఎల్.5 అవసరమే లేదు. న్యాయంగా చెప్పవలెనంటే, నేటి జి.ఎల్.5 నూనెలు అన్నీ కంచును తినివేస్తాయనడం కూడ అతిశయోక్తియే. మంచి తయారీలలో గంధకాన్ని చాలవరకు కట్టడిలో ఉంచుతున్నారు. మెరుగుపెట్టిన రాగిపలకను 121 డిగ్రీల వేడినూనెలో మూడు గంటలు ముంచి, దాని రంగు ఎంత మారినదో చూచే పరీక్ష ఇందుకోసమే ఉన్నది. ఐనప్పటికీ, విడిభాగాలు దొరకని అరవై ఏండ్ల యంత్రంతో ఈ పందెం కట్టడం తెలివైనది కాదు. కంచు ఉన్నదని తెలిసినచోట శుద్ధ ఖనిజతైలమో, జి.ఎల్.4 నూనెయో వాడడమే క్షేమం.

ఇంతవరకు చెప్పినది ప్రపంచంలో ఎక్కడి యంత్రానికైనా వర్తిస్తుంది. నెల్లూరు తీరపు ప్రత్యేకత నీరు. ఇక్కడ ప్రధానమైన వరినాట్లు ఈశాన్య ఋతుపవనాలతో, అక్టోబరు నుండి డిసెంబరు దాకా సాగుతాయి. నీరున్నచోట ఎడగారు కూడ వేస్తారు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు రబ్బరు చక్రాలకు ఇనుప చక్రాలను తగిలించి బురదలో దింపుతారు. వెనుక ఇరుసు గొట్టాలు, టిల్లరు రోటరీ కడ్డీ గంటల తరబడి బురదనీటిలో ఉంటాయి. బురదలోని సన్నని ఇసుక ఆయిల్‌సీలు పెదవిని అరగదీస్తుంది. పని ముగిశాక ట్రాక్టరును కాలువలోనో, చెరువులోనో దింపి కడగడం ఒక అలవాటు. దీనిలోని అపాయాన్ని గ్రహించినవారు తక్కువ. 70 డిగ్రీల వేడిమీద ఉన్న పెట్టెలోని గాలి 30 డిగ్రీలకు చల్లబడితే, గాలి బయటికీ లోపలికీ పోయే రంధ్రం మట్టితో మూసుకొనిపోయి ఉన్నప్పుడు లోపలి పీడనం ఎనిమిదింట ఒక వంతు పడిపోతుంది. అది సుమారు నాలుగడుగుల నీటిమట్టపు పీడనానికి సమానం. అంత బలంతో పెట్టె అరిగిన సీలుగుండా నీటిని లోపలికి పీలుస్తుంది. ఆ నీరు సముద్రపు పోటు తగిలే కాలువలోనిదైతే అందులో ఉప్పు కూడ ఉంటుంది. ఉప్పునీటికి బేరింగు గుండ్ల మీద తుప్పుగుంటలు పడడానికి ఎన్నో రోజులు పట్టదు.

నీరు చేరిన నూనె పాలు కలిపినట్లు తెల్లబడుతుంది. కొంచెమే చేరితే కంటికి తెలియదు. అటువంటప్పుడు ఇనుప పెనాన్ని బాగా వేడిచేసి దానిమీద ఒక చుక్క నూనె వేయాలి. నీరున్న నూనె చిటపటలాడుతుంది. మరొక పద్ధతి ఇంకా సులభం. యంత్రాన్ని రాత్రంతా కదల్చక నిలిపి, తెల్లవారి అడుగుబిరడాను మెల్లగా వదులుచేస్తే, బరువైన నీరే ముందు కారుతుంది. అరకప్పు నీరు వచ్చినా ఆ నూనెను మార్చవలసిందే. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ తన ట్రాక్టర్ల కోసం తయారుచేయించిన హైట్రాన్ అనే నూనెకు కొంత నీటిని తనలో కలుపుకొని, అడుగుకు పేరుకోకుండ మోసే గుణం ఉన్నది. ఐతే దానిని చూచి దమ్ము ట్రాక్టరుకు నీటిభయం లేదనుకోరాదు. పీల్చుకొనే శక్తికీ ఒక హద్దు కలదు.

ఆ సంస్థవారి కబ్ కేడెట్ తోటట్రాక్టరు 1961లో వచ్చింది. 1965లో దానిలో గేరుపళ్ళకు బదులు నూనె ప్రవాహంతోనే చక్రాలను త్రిప్పే నమూనా వెలువడింది. ఇటువంటి పెట్టెలో 90 గేరునూనె పోస్తే యంత్రం కదలడమే కష్టం. నిర్దేశించిన పలుచని నూనెయే ఉండవలెను. పాత యంత్రానికి నూనె ఎన్నుకొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న అందుకే నూనె అంకెను గురించినది కాదు, ఆ పెట్టెలో ఏమున్నదని. గేరుపళ్ళేనా, హైడ్రాలిక్ పంపు కూడ ఉన్నదా, కంచు ఉన్నదా, బ్రేకులు నూనెలో మునిగి ఉన్నవా? చివరి ప్రశ్న మన మాగాణికి ముఖ్యమైనది. బురద తగలకుండ బ్రేకులను నూనెలో ముంచి ఉంచే పద్ధతి తరువాతి ట్రాక్టర్లలో వచ్చింది. వాటిలో మామూలు గేరునూనె పోస్తే బ్రేకు పట్టేటప్పుడు అరుస్తుంది, కుదుపుతుంది. ఒకే ఇంటి ముంగిట పాత ఫెర్గూసన్ జాతి ట్రాక్టరూ, క్రొత్త ట్రాక్టరూ నిలిచి ఉండడం నెల్లూరు పల్లెల్లో వింత కాదు. రెండింటికీ ఒకే పీపా నుండి పోయడమూ వింత కాదు.

1990లలో ఈ తీరంలో రొయ్యల చెరువులు విస్తరించాక గేరునూనెకు మరొక స్థానం ఏర్పడింది. చెరువునీటిని చిలికే రెక్కచక్రాల యంత్రాలలో, నిమిషానికి 1,440 సార్లు తిరిగే మోటారు వేగాన్ని సుమారు నూటికి తగ్గించే చిన్న గేరుపెట్టెలుంటాయి. ట్రాక్టరు గేరుపెట్టె సంవత్సరంలో కొన్ని వారాలే బురదలో ఉంటుంది. ఇవి ఉప్పునీటికి జానెడు ఎత్తున రాత్రంతా తిరుగుతాయి. వీటి సీలు పోతే నీరు లోపలికి, నూనె చెరువులోనికి. కొద్దిపాటి నూనె కూడ నీటిమీద విశాలమైన పొరగా పరచుకొంటుంది కనుక రొయ్యల రైతు ఆ రంగులపొరను ట్రాక్టరు రైతుకంటె త్వరగా గుర్తుపడతాడు.

పాత గేరునూనెను తీసేటప్పుడు యంత్రాన్ని ఒక అరగంట నడిపి, నూనె వేడిగా ఉండగానే వదలవలెను. అప్పుడే అడుగున పేరుకొన్న మడ్డి, లోహపు రజను కూడ వస్తాయి. వచ్చిన నూనెను తెల్లని పళ్ళెంలో పోసి ఎండలో చూస్తే, బంగారు రంగు మెరుపులు కంచు అరిగినదని, అయస్కాంతానికి అంటే బూడిదరంగు రజను గేరుపళ్ళు లేక బేరింగులు అరిగినవని చెబుతాయి. గాలిరంధ్రపు మూతను విప్పి కిరోసినుతో కడగడానికి ఐదు నిమిషాలు చాలును. దమ్ము పనులు ముగిసిన వారంలోనే ఈ పని జరగవలెను. వేసవిదాకా ఆగితే నీరు తన పని ముగించి ఉంటుంది.